సారాంశం బాక్సు చదివితే సరిపోతుందా?

వ్యక్తిత్వ వికాసం పుస్తకాల గురించి ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ పుస్తకాల అమరిక గురించే. బాక్సులు, ఖాళీ గీతలు, రోజుల లెక్కలు, కథలు... వీటి మీదే అనుమానాలన్నీ. విజయవాడ ఏలూరు రోడ్డులో ఏళ్ల తరబడి ఇలాంటి పుస్తకాలకు ప్రూఫులు దిద్ది, అనువాదాలు సరిచేసి రిటైరైన దాన్ని కాబట్టి జవాబుల పని నా నెత్తిన పడింది. సంతోషమే. ఏ బాక్సు ఎక్కడ ఎందుకు పెడతారో కాస్త తెలుసు. ఎవరి పేర్లూ వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. డల్‌గా అనిపించినప్పుడు మోటివేషన్ పుస్తకాలు చదువుతాను. ప్రతి అధ్యాయం చివర బాక్సులో నాలుగైదు పాయింట్లు ఇస్తారు కదా, ఈమధ్య అధ్యాయాలు వదిలేసి అవే చదివేస్తున్నాను. టైమ్ కలిసొస్తోంది. పాయింట్లన్నీ తెలిసినవే అనిపిస్తున్నాయి. ఒక్కటీ ఆచరణలోకి మాత్రం రావడం లేదు. బాక్సు చదివితే సరిపోదా?

జవాబు: 'తెలిసినవే అనిపిస్తున్నాయి' అన్నావు చూడు బాబూ, బాక్సు చేసే పనే అది. అధ్యాయం ఒకసారి చదివి, ఆర్నెల్ల తర్వాత మళ్లీ పుస్తకం తెరిచేవాడి కోసం పెట్టేది బాక్సు. అసలు చదవనివాడి చేతిలో పడితే, చదివేశానన్న తృప్తి ఒక్కటే ఇస్తుంది.

2018లో వచ్చిన జేమ్స్ క్లియర్ 'అటామిక్ హ్యాబిట్స్' చూడు. మొత్తం 20 అధ్యాయాలు, ప్రతిదాని చివరా సారాంశం. దాని పైన అలవాట్ల సూత్రాలన్నీ ఒక్కచోట చేర్చిన పట్టిక ఇంకొకటి. చాలా శ్రద్ధగా చేసిన పని, నాకు గౌరవమే. కానీ అరగంటలో ఆ బాక్సులన్నీ తిరగేసి పుస్తకం పూర్తి చేశామనుకునే వీలు కూడా అందులోనే ఉంది.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. డేల్ కార్నెగీ పుస్తకం, మనుషుల మనసు గెలుచుకోవడం ఎలాగని చెప్పేది, 1936లో వచ్చింది. అందులో అధ్యాయం చివర ఉండేది ఒక్క సూత్రం, ఒకే ఒక్క వాక్యం. దాని కథ ఏమిటంటే, కార్నెగీ న్యూయార్క్‌లో క్లాసులు చెప్పేవాడు. సైమన్ అండ్ షుస్టర్ సంస్థలో పనిచేసే లియోన్ షిమ్‌కిన్ ఆ కోర్సులో చేరి, ఇది పుస్తకంగా రావాలని పట్టుబట్టి, స్టెనోగ్రాఫర్‌తో ఆ మాటలు రాయించాడు. పుస్తకం పుట్టిందే క్లాసులోంచి. క్లాసులో సూత్రం చెప్పి పంపిస్తే విద్యార్థి బయటికెళ్లి దాన్ని ప్రయత్నించి, మళ్లీ వచ్చి ఏం జరిగిందో నలుగురి ముందు చెప్పాలి. పుస్తకంలో సూత్రం ఉంది, ఆ నలుగురూ లేరు. కార్నెగీకి ఈ సంగతి తెలుసనే అనిపిస్తుంది నాకు. ఎందుకంటే పుస్తకం మొదట్లోనే దాన్ని ఎలా చదవాలో తొమ్మిది సలహాలు ఇచ్చాడు. ప్రతి అధ్యాయం రెండుసార్లు చదివాకే తర్వాతి దానికి వెళ్లమన్నాడు, నెలకోసారి తిరగేయమన్నాడు. సూత్రం తప్పుతున్నప్పుడు పట్టుకున్న స్నేహితుడికి డబ్బులిస్తానని పందెం కాయమని కూడా అన్నాడు. లేని క్లాసును పాఠకుడి చుట్టూ కట్టే ప్రయత్నం అది.

నీకు పనికొచ్చే మాట ఇంకొకటి. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థుల్లో కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పింది మాత్రం మళ్లీ మళ్లీ చదివినవాళ్లే.

కాబట్టి బాక్సును తీసేయకు, దాని మీద ఒక కాగితం కప్పు. అధ్యాయం చదువు. నీ మాటల్లో మూడు ముక్కలు రాయి. అప్పుడు కాగితం తీసి చూడు. బాక్సులో ఉండి నీ కాగితం మీద లేనిది ఏదో, దాని కోసమే వెనక్కి వెళ్లాలి. పాలిటీకి, ఎకానమీకి కూడా ఇదే పద్ధతి. చిక్కడపల్లి లైబ్రరీలో నీ పక్క కుర్చీవాడితో కూర్చుని ఒకరినొకరు అడుక్కుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: ప్రతి అధ్యాయమూ ఎవరో ఒక అమెరికా వ్యాపారి కథతోనే ఎందుకు మొదలవుతుందమ్మా? కథ తీసేస్తే విషయం పావు పేజీ ఉండదు. పేజీలు నింపడానికేనా? (తెలుగు ఉపాధ్యాయుడు, అనంతపురం)

జవాబు: కొంత అందుకే మాస్టారూ, దాచేదేముంది. అయితే ఈ అలవాటు పాతది. 1859లో ఇంగ్లండులో శామ్యూల్ స్మైల్స్ రాసిన 'సెల్ఫ్-హెల్ప్' పుస్తకం నిండా జీవిత కథలే. లీడ్స్ పట్టణంలో రాత్రిపూట కూడి చదువుకునే కార్మిక యువకులకు ఇచ్చిన ఉపన్యాసాల్లోంచి పుట్టిందది. కుండల మీద మెరుగు పూత సాధించడానికి ఇంట్లో కుర్చీలు బల్లలు కూడా కొలిమిలో వేసి కాల్చిన పాలిసీ అనే ఫ్రెంచి కుమ్మరి కథ అందులోదే. అభ్యాసాలు లేవు, ప్రశ్నలు లేవు, బాక్సులు అసలే లేవు. వరసగా పట్టుదల గల మనుషులు వస్తూ ఉంటారు, చదివేవాడికి వెన్ను నిటారవుతుంది, అంతే.

మీరు తెలుగు మాస్టారు కాబట్టి మనింటి ఉదాహరణ చెప్తాను. చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో వచ్చింది, అంటే స్మైల్స్ కంటే ముందే. మిత్రలాభంలో పావురాల రాజు చిత్రగ్రీవుడు నేల మీద నూకలు చూసి, నిర్జన వనంలో ఇవెక్కడివని అనుమానపడతాడు. తోటి పావురాలకు ముసలి పులీ బంగారు కడియం కథ చెప్తాడు. అంతా విని ఒక పావురం ఒప్పుకోదు. అన్నీ దిగుతాయి, వలలో పడతాయి. గమనించారా? అక్కడ కథ ఒక పాత్ర ఇంకో పాత్రకు, ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన సమయంలో చెప్తుంది. విన్నవాళ్లు ఎదురు మాట్లాడతారు. పైగా కథ పనిచేయదు! నీతికథ విని కూడా నూకల కోసం దిగిన పావురాలను చూపించే ధైర్యం మన పుస్తకానికి ఉంది. ఇప్పటి పుస్తకాల్లో కథ సరాసరి మీకే చెప్తారు, ఎదురు చెప్పడానికి అక్కడ ఇంకో పావురం లేదు.

ఆ లోటు కనిపెట్టి తెలివిగా పూడ్చిన పుస్తకం స్పెన్సర్ జాన్సన్ 'హూ మూవ్డ్ మై చీజ్'. 1998లో వచ్చిన పలచటి పుస్తకం, మూడు భాగాలు. మొదటిదాంట్లో పాత స్నేహితులు షికాగోలో కలుస్తారు. రెండోదాంట్లో జున్ను వెతుక్కునే రెండు ఎలుకలు, ఇద్దరు బుల్లి మనుషుల కథ, మార్పుకు అలవాటు పడటం గురించి. మూడోదాంట్లో ఆ స్నేహితులే కథ మీద చర్చ. మధ్య మధ్యలో పేజీకి ఒకటే వాక్యం, జున్ను ముక్క బొమ్మలో పెద్ద అక్షరాలతో. నాకు ఆ మూడో భాగం దగ్గరే గొంతు పట్టుకుంటుంది. మీరు వేయబోయే ప్రశ్న అక్కడ ఒక పాత్ర వేసేస్తుంది, ఇంకో పాత్ర జవాబిచ్చేస్తుంది, మీ వంతు అయిపోతుంది. చాలా కంపెనీలు ఈ పుస్తకాన్ని కట్టలుగా కొని ఉద్యోగులకు పంచాయి. మనం కొనుక్కున్న పుస్తకం వేరు, 'మార్పును అంగీకరించు' అంటూ మేనేజర్ చేతిలో పెట్టిన పుస్తకం వేరు. అమరిక ఒకటే అయినా చదివేవాడి మెడ మీద బరువు మారిపోతుంది.

మీ పిల్లలకు ఒక పని ఇవ్వండి. కథ అయిపోగానే, ఇదే పని చేసి దెబ్బతిన్నవాడు ఈ పుస్తకంలో ఎక్కడైనా ఉన్నాడా అని వెతకమనండి. పదో తరగతి వాళ్లకు భలే పట్టుబడుతుంది ఇది.

ప్రశ్న: అక్కా, 21 రోజుల్లో జీవితం మార్చుకోండి అనే పుస్తకం కొన్నాను. రోజుకో అధ్యాయం, రోజుకో పని. తొమ్మిదో రోజు మా అత్తమ్మను ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. నాలుగు రోజులు పుస్తకం ముట్టలేదు. ఇప్పుడు మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలా? ఇంతకుముందూ ఇట్లనే ఆగిపోయింది. నాకు పట్టుదల లేదేమో అనిపిస్తోంది. (గృహిణి, కరీంనగర్)

జవాబు: మొదలుపెట్టొద్దమ్మా. ఈరోజు తొమ్మిదో అధ్యాయం తెరువు, రేపు పదోది. అత్తమ్మ కుదుటపడ్డారనుకుంటాను.

ఈ 21 ఎక్కడిదో చెప్తాను, నీ పట్టుదల మీద అనుమానం పోతుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి, 1960లో తన పుస్తకంలో రాశాడు. ఆయన చెప్పింది కనీసం. చేతులు మారేకొద్దీ ఆ కనీసం రాలిపోయి 21 మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2009లో ఫలితాలు వెల్లడించింది. ఒక చిన్న పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు. కొందరికి 18 రోజులే, కొందరి లెక్క 254 దాకా పోయింది. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా తేల్చారు. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నీవి నాలుగు రోజులు తప్పాయి, నిజమే. ముందు చేసిన ఎనిమిది రోజుల పని మాత్రం ఎటూ పోలేదు.

మరి ఇప్పటికీ 21 ఎందుకంటావా? అచ్చు లెక్క చెప్తాను. రోజుకు ఏడు పేజీలు వేసుకో, 147. ముందుమాట, విషయసూచిక, లోపలి టైటిల్ కలిపితే 160కి వస్తుంది. ఫారానికి, అంటే మడతపెట్టిన ఒక అచ్చు కాగితానికి, 16 పేజీల చొప్పున సరిగ్గా 10 ఫారాలు. చేతిలో పట్టుకుంటే నిండుగా ఉంటుంది, ధర అందుబాటులో ఉంటుంది. 66 రోజుల పుస్తకం అచ్చేస్తే దిండంత అవుతుంది, ఎవరూ కొనరు. అన్ని పుస్తకాలకూ ఇదే లెక్కని అనను, కానీ ప్రెస్సులో ఈ మాట నడుస్తుంది.

నాకు కోపం వచ్చేది వేరే చోట. ప్రతి పేజీ నెత్తిన 'రోజు 9' అని లావుపాటి అక్షరాలతో వేస్తారు. తప్పినవాళ్లు ఏం చేయాలో చెప్పే పేజీ ఒక్కటి ఉండదు. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే, చుట్టాలు దిగితే, కరెంటు పోతే? రాసినాయన రోజు ఆయన చేతిలో ఉంటుంది కాబట్టి ఆయనకు ఆ పేజీ గుర్తుకు రాలేదు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లను చూస్తూనే ఉంటావు, 41 రోజులు. ఇంట్లో వంట మారుతుంది, బట్టల రంగు మారుతుంది, బస్సు కండక్టరు కూడా 'స్వామీ, జరగండి' అంటాడు. ఊరంతా కలిసి ఒక మనిషి దీక్షను మోస్తుంది. నీ పుస్తకంలో నిన్ను మోయడానికి ఉన్నది ఒక అంకె.

అందుకని పెన్సిల్‌తో ఆ అంకెలు కొట్టేయి. ప్రతి అధ్యాయం పైన నువ్వు చదివిన తేదీ వేసుకో. మధ్యలో ఖాళీ వస్తే, ఎందుకు వచ్చిందో పక్కన ఒక్క మాట రాయి. 'అత్తమ్మ, ఆస్పత్రి' అని రాసి ఉన్న పుస్తకం చూస్తే పట్టుదల లేని మనిషని ఎవరూ అనుకోరు, నువ్వు కూడా.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. ఆఫీసుకు డ్రైవ్ చేస్తూ ఈ పుస్తకాలు ఆడియోలో వింటాను. కొన్ని బాగా ఎక్కుతాయి, కొన్ని అసలు బుర్రలోకి వెళ్లవు. నా ఏకాగ్రతలో లోపమా?

జవాబు: లోపం మీలో లేదు. కథల మీద నడిచే పుస్తకం చెవికి బాగుంటుంది. బొమ్మల మీద నడిచేది చెవికి అందదు. స్టీఫెన్ కోవీ తన ఏడు అలవాట్ల పుస్తకంలో పనుల్ని నాలుగు గడులుగా విడగొడతాడు, ముఖ్యమైనవి, కానివి, తొందరవి, కానివి. కాగితం మీద ఒక్క చూపుకు అర్థమవుతుంది. దాన్నే ఎవరైనా గట్టిగా చదివి వినిపిస్తే, రెండో గడికి వచ్చేసరికి మొదటిది జారిపోతుంది. చాలా ఆడియో పుస్తకాలతో పాటు పట్టికల పీడీఎఫ్ ఇస్తారు. ఆదివారం ఇంట్లో కూర్చుని ఒకసారి అది తెరిచి చూడండి. అభ్యాసం చేయమన్న చోట కారులో వినడం ఆపేయండి, స్టీరింగ్ పట్టుకుని కళ్లు మూసుకోమంటే మీరేం చేస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఏదో ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకుని అందులో పెన్నుతో రాస్తోంది. పుస్తకం సరస్వతి కదా, కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో ఇదేం పద్ధతని కోప్పడ్డాను. ఈమధ్య ఎక్కువ మాట్లాడటం లేదు. ఏం రాస్తోందో చూస్తే ఏవో గళ్లు గీసి, 'నా వల్ల ఏదీ కాదు' లాంటి మాటలున్నాయి. టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, తెనాలి)

జవాబు: రెండు విషయాలు కలిపి అడిగారు. చిన్నది ముందు.

పుస్తకంలో రాయకూడదన్న భయం మన దగ్గర బలమైనదే. ఈ రకం పుస్తకాల్లో 'మీ జవాబు ఇక్కడ రాయండి' అని చుక్కల గీతలు పెడితే మనవాళ్లలో చాలామంది చూసి పేజీ తిప్పేస్తారు. రాయకుండా వదిలేసిన గీతలు తర్వాత ప్రతిసారీ హోమ్‌వర్క్ చేయని పిల్లాడిలా నిలబెడతాయి మనల్ని. ఇంకో రహస్యం, వెనకాల 'మీ నోట్స్ కోసం' అని వచ్చే తెల్ల పేజీలు చాలాసార్లు ఆఖరి ఫారంలో మిగిలిపోయినవే. వాటిని చూసి గిల్టీగా ఫీలవకండి.

గీతలన్నీ ఒకటి కావు కూడా. 'మీ జీవిత లక్ష్యం ఏమిటి?' అని అడిగి కింద నాలుగు గీతలు ఇస్తే, ఆ నాలుగు డీటీపీ చేసినవాడు చోటు చూసుకుని పెట్టినవి. జీవిత లక్ష్యం నాలుగు లైన్లలో పట్టాలని ఆయనేం తీర్మానించలేదు. జూలియా కామెరాన్ 1992లో తెచ్చిన 'ది ఆర్టిస్ట్స్ వే' లాంటివి వేరు. 12 వారాల పుస్తకమది. మొదట్లోనే ఒక ఒప్పందం ఉంటుంది, పేరు రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. ఆ ఒక్క సంతకంతో పాఠకుడి హోదా మారిపోతుంది, చూసేవాడు కాస్తా చేసేవాడవుతాడు. రోజూ పొద్దున్నే మూడు పేజీలు రాయమన్నది మాత్రం విడి కాగితాల మీదే.

ఇప్పుడు పెద్ద విషయం. మీరు చెప్పిన గళ్లను బట్టి అది డేవిడ్ బర్న్స్ 1980లో రాసిన 'ఫీలింగ్ గుడ్' తరహా పుస్తకం అయి ఉండొచ్చు. మూడు నిలువు గళ్లు. మొదటిదాంట్లో మనసులోకి తనంతట తాను వచ్చిన చెడ్డ మాట రాయాలి. రెండోదాంట్లో ఆ ఆలోచనలో తప్పు ఏ రకందో గుర్తించాలి. మూడోదాంట్లో దానికి న్యాయమైన జవాబు రాయాలి. 'నా వల్ల ఏదీ కాదు' అన్నది మొదటి గడిలోని మాట. మీరు అదొక్కటే చదివి బెంబేలెత్తారు. గడి గీయడంలో ఉన్న ఉపకారం అదే, మొదటి గడి నింపినవాళ్లను పక్క గడి ఊరికే కూర్చోనివ్వదు. మామూలు డైరీలో అయితే ఆ మాట రాసి అక్కడే ఆగిపోవచ్చు. డిప్రెషన్ ఉన్నవాళ్లు ఈ పుస్తకం చదివి కుదుటపడ్డారని అమెరికాలో జరిగిన పరిశోధనలు ఉన్నాయి కూడా.

అలాగని పుస్తకానికే వదిలేయొద్దు. మాట తగ్గింది అంటున్నారు కాబట్టి, పుస్తకం సంగతి ఎత్తకుండా, సాయంత్రం టీ తాగుతూ ఎలా ఉన్నావని అడగండి. నిద్ర, తిండి మారితే, చదువు మీద మనసు పోతే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, మీరూ చేయొచ్చు. ఎప్పుడైనా బతకాలని లేదన్న మాట వింటే ఒక్క గంట కూడా ఆగొద్దు.

తను రాసుకున్నది మళ్లీ తెరిచి చూడకండి. కోప్పడటం కంటే అదే పెద్ద తప్పవుతుంది. ఒక మంచి నోటుబుక్ కొనిచ్చి, 'ఇందులో రాసుకో, నేను చూడను' అనండి.

ప్రశ్న: మా తమ్ముడు తాగుడు మానేయాలని ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగులకు వెళ్తున్నాడు. వాళ్ల పుస్తకం ఇంట్లో ఉంటే చదివాను. మిగతా పుస్తకాల్లా 'నువ్వు ఇది చెయ్యి, అది మానెయ్యి' అని వాళ్లు చెప్పే పన్నెండు మెట్లలో ఎక్కడా లేదు. ఇలా మెత్తగా చెప్తే తాగుబోతులు వింటారా? (ఒక అక్క, కాకినాడ)

జవాబు: మెత్తదనం కాదమ్మా, ఈ రకం పుస్తకాలన్నిట్లో నేను చూసిన అతి గట్టి అమరిక అదే.

ఆల్కహాలిక్స్ అనానిమస్ పుస్తకం 1939లో న్యూయార్క్‌లో అచ్చయింది. మొదటి మెట్టు చూడు. మద్యం ముందు మేం అశక్తులమని, మా బతుకు మా చేతుల్లో లేకుండా పోయిందని ఒప్పుకున్నాం. అంతే. 'నువ్వు' లేదు, 'మేం' ఉంది. 'చెయ్యి' లేదు, 'చేశాం' ఉంది. తాగేవాడికి జీవితమంతా అందరూ ఆజ్ఞలే ఇచ్చి ఉంటారు. అమ్మ, పెళ్లాం, మేనేజరు, నువ్వు కూడా. ఆజ్ఞను ఎదిరించడంలో అతను ఆరితేరి ఉంటాడు. 'మేం ఇలా చేశాం' అన్నవాడితో పోట్లాడటానికి ఏముంది? నేనూ అలాంటివాణ్నేనా అని తనలో తను అనుకోవడం ఒక్కటే మిగులుతుంది.

రెండో తెలివి ఇంకా బాగుంటుంది. పుస్తకం ముందు భాగం, 164 పేజీలు, తర్వాతి కూర్పుల్లో దాదాపు అలాగే ఉంచారు. వెనక భాగంలో తాగుడు మానినవాళ్లు తమ కథలు తామే చెప్పుకుంటారు. 1955, 1976, 2001 కూర్పుల్లో ఆ కథలు మారుస్తూ వచ్చారు, కొత్తవాళ్లు చేరారు. పద్ధతి పాతదే, మనుషులు కొత్తవాళ్లు. పుస్తకం తెరిచినవాడికి తనలాంటి వాడు ఒక్కడైనా తగలాలి కదా. పైగా ఆ పుస్తకాన్ని మీటింగులో గట్టిగా చదువుతారు, తర్వాత ఒక్కొక్కరూ తమ సంగతి చెప్తారు. ఇందాక కార్నెగీ దగ్గర పోయిందన్నానే ఆ క్లాసు, ఇక్కడ పోలేదు.

నీకు ఒక్కటే మనవి. నీకు నచ్చిన వాక్యాల కింద గీతలు గీసి అతని మంచం పక్కన పెట్టకు. గీత గీసిన మరుక్షణం 'మేం చేశాం' కాస్తా 'అక్క చెయ్యమంది' అయిపోతుంది. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులుంటాయి. మీ తమ్ముడి మీటింగులో అడిగితే దగ్గర్లో ఎక్కడుందో చెప్తారు. నీ మనసులో మాట చెప్పుకోవడానికి అక్కడికి వెళ్లు.

ప్రశ్న: నేను బీమా ఏజెంటుని, రాజమహేంద్రవరం. పాతికేళ్ల అనుభవంతో అమ్మకాల మీద పుస్తకం రాస్తున్నాను. సూత్రాలు 7 పెట్టమంటారా, 9 పెట్టమంటారా? ప్రతి అధ్యాయం చివర బాక్సు, ఖాళీ గీతలు, కొటేషన్లు అన్నీ పెట్టాను. ఇంకేమైనా కలపాలా?

జవాబు: కలపడం సంగతి తర్వాత గురువుగారూ, ముందు తీసేయడం చూద్దాం.

అంకె చివర్లో రావాలి. డబ్బు సంపాదించడం ఎలాగో చెప్పే 'థింక్ అండ్ గ్రో రిచ్'లో నెపోలియన్ హిల్ 1937లో 13 మెట్లు పెట్టాడు. అంతకంటే తమాషా ఏమిటంటే, ముందుమాటలోనే ఒక రహస్యం ఉందని ఊరించి, ఈ పుస్తకంలో దాన్ని నూరుసార్లకు తక్కువ కాకుండా ప్రస్తావించాను గానీ పేరుపెట్టి మాత్రం చెప్పలేదంటాడు. ఇక పాఠకుడు వెతుకుతూనే ఉంటాడు. డబ్బు రాకపోతే, రహస్యం నాకింకా దొరకలేదు కాబోలని మళ్లీ మొదటి పేజీకి వెళ్తాడు. పుస్తకం ఎప్పటికీ ఓడిపోదు, ఓడేది పాఠకుడే. ఈ ఎత్తు బాగా అమ్ముడుపోతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. నాకు మాత్రం నచ్చదు. పాలసీ కాగితాల్లో షరతులు చిన్న అక్షరాల్లో వేస్తే కస్టమర్ మిమ్మల్ని ఏమంటాడో అదే నేనూ అంటాను.

కోవీ 1989లో ఏడు అలవాట్లు రాశాడు. వాటికి ఒక వరస ఉంది. మొదటి మూడూ మనిషి తనను తాను దిద్దుకునేవి, తర్వాతి మూడూ పదిమందితో మెలగడానికి, ఏడోది ఈ ఆరింటికీ పదును పెట్టుకోవడానికి. నాలుగోదాన్ని తెచ్చి మొదట పెడితే పుస్తకం కూలిపోతుంది. మీ తొమ్మిదింటినీ చీటీలు రాసి కలిపేయండి. ఏ వరసలో తీసినా తేడా తెలియకపోతే వాటిని మెట్లు అనకండి. అలా ఉండటంలో చిన్నతనమేమీ లేదు. వేమన పద్యాలకు ఏ వరస ఉంది? ఎక్కడ తెరిచినా ఒక పద్యం, దానికదే పూర్తి, చివర మకుటం. అలాగే రాయండి, చిన్న చిన్న అధ్యాయాలు, ఎక్కడైనా తెరవొచ్చని ముందే చెప్పండి. ఎక్కే వరస లేనిచోట అంకెలు వేస్తే, మూడోది అర్థం కానివాడు నాలుగోది చదవకుండా ఆగిపోతాడు.

ఆగిపోవడం అంటే గుర్తొచ్చింది. ఆదివారం పూట హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఈ రకం పుస్తకం కనిపిస్తే నేను చూసేది అండర్‌లైన్లు ఎక్కడ ఆగిపోయాయన్నదే. మొదటి అధ్యాయంలో పేజీలు పచ్చగా హైలైటర్‌తో మెరుస్తుంటాయి. రెండోదాంట్లో నీలి బాల్‌పెన్నుకు దిగుతాయి. మూడోదాంట్లో ఒకటో రెండో గీతలు, ఎక్కడో ఒక పేజీ మూల మడత. తర్వాత అంతా ప్రెస్సులోంచి వచ్చినప్పటంత శుభ్రం. చాలా పుస్తకాల్లో ఇదే వరస. రచయితలు తమ దగ్గరున్న మంచి సరుకంతా మొదటి అధ్యాయంలో పోసేస్తారు, ఆ తర్వాత బాక్సులతో నెట్టుకొస్తారు.

కొటేషన్లు సగం తీసేయండి, వాటిలో మూడు ఎవరు అన్నారని మీరు రాశారో వాళ్లు అన్నవి కావు. ఖాళీ గీతల బదులు, ప్రతి అధ్యాయంలో ఒకచోట 'ఇక్కడ పుస్తకం మూసి, ఫలానా కస్టమర్‌కు ఫోన్ చేసి రండి' అని రాయండి. మీ వృత్తిలో అది కుదురుతుంది. అధ్యాయం మిగతా సగం, ఫోన్ చేసొచ్చినవాడితో మాట్లాడుతున్నట్టు రాయండి. అతను కాదన్నాడా, తర్వాత చూద్దామన్నాడా, అసలు ఎత్తలేదా, మూడింటికీ మీ దగ్గర జవాబుండాలి.

మీరు పంపిన విషయసూచికలో పాలసీ తీసుకున్నవాళ్లే ఉన్నారు. పాతికేళ్లలో వద్దన్నవాళ్ల గురించి ఒక్క అధ్యాయమైనా రాశారా? రాసి ఉంటే ముందు అది పంపండి. స్పైరల్ బైండింగ్ చేయించొద్దు, విడి కాగితాలైతే దిద్దడానికి నాకు వీలుగా ఉంటుంది.